డెమో క్లాసులో మీ తాత

పంజాగుట్ట
సోమవారం

చిరంజీవి యశస్వినికి,

దీవెన అలవాటు కొద్దీ రాశాను. ముద్దుమాటలు ఈ ఉత్తరంలో దొరకవు.

నీ హాస్టలు రెండు మెట్రో స్టేషన్ల దూరమే. కానీ ఫోనులో అయితే రెండో వాక్యానికే "సరే నానమ్మా, తర్వాత మాట్లాడతా" అంటావు. ఉత్తరాన్ని ఆపాలంటే కనీసం చింపాలి.

శనివారం మైత్రీవనం దగ్గర నువ్వు చెప్పే ఉచిత ఇంగ్లీషు డెమో క్లాసుకి చెప్పకుండా వచ్చాం, నేనూ తాతా. కొత్త ఉద్యోగంలో నిన్ను చూసి మురిసిపోదామని. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక బెంచీలో కూర్చున్నాడాయన. నువ్వు బోర్డు మీద 'బూరిష్' అని రాశావు. మర్యాద తెలియని మోటుతనం అని అర్థం చెప్పావు. అక్కడ ఆగినా బాగుండేది. "ఫర్ ఎగ్జాంపుల్, మై గ్రాండ్‌ఫాదర్" అన్నావు. కంచంలో చెయ్యి కడగడం, అవతలి గట్టు మీది మనిషిని పిలిచినట్లు ఫోనులో అరవడం, అన్నీ నటించి చూపించావు. నలభైమంది నవ్వారు. ఇంగ్లీషు రాని మీ తాత అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుకే నువ్వు మమ్మల్ని చూశావు. మొహం మాడింది. అయినా స్లైడు మార్చి ముందుకు పోయావు.

ఇంటికొచ్చే దారిలో తాత, బిడ్డ తన గురించి ఏం చెప్పిందని అడిగాడు. రైతువని చెప్పిందన్నాను. పూర్తి అబద్ధం కాదు. ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పినదాన్ని, నీ స్లైడులో లేనిది చెబుతాను, విను. డచ్చివాళ్ల భాషలో 'బూరిష్'కు మూలమైన మాటకు సేద్యం చేసుకునేవాడనే అర్థం. వాడు పండించింది తిని పట్నంలో కూర్చున్నవాళ్లు ఆ మాటను తిట్టుగా మార్చారు. చేవెళ్లలో టమాటా పండించి మీ నాన్నను చదివించిన మనిషి కంచంలో చెయ్యి కడుగుతాడు, నిజమే. ఆ కంచంలో ఒక్క మెతుకు మిగలదు. మీ హాస్టలు చెత్తబుట్టలో పడే అన్నం నేను చూశాను.

వచ్చే డెమోలో, అదే బోర్డు ముందు తాతకు క్షమాపణ చెప్పు. అప్పటిదాకా ఇంటికి రావద్దు.

నానమ్మ,
స్వరాజ్యం

పంజాగుట్ట
గురువారం

నా యశస్వినికి,

రావద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీ మీద కోపం తగ్గి కాదు. దాన్ని పంచుకోవాల్సిన మనిషి ఇంకొకరు దొరికారు.

నిన్న భోజనం దగ్గర తాత నువ్వు ఆదివారం వస్తావా అని అడిగాడు. రానివ్వనన్నాను. ఎందుకో కూడా చెప్పేశాను. ఆయన తినడం ఆపలేదు.

"నాకు గప్పుడే తెల్సు," అన్నాడు.

ఇంగ్లీషు రాదు కదా, ఎలా తెలుసన్నాను.

"రాకపోతేంది? గా ఒక్క మాట వస్తది. పెండ్లయిన కొత్తల మీ అక్క ముంగట నన్ను గదే అంటుంటివి. మా ఊరి సారునడిగి తెల్సుకున్న."

మరి క్లాసులో నవ్వడమెందుకని అడిగాను.

"పిల్ల కొలువు కొత్తది. నేను నడుమల లేచి బయటికి పోతే అందరు ఎన్కకు తిరిగి చూస్తరు. జర నవ్వితే నాదేం పోతది?"

నలభై ఆరేళ్లు ఆ మాటను మోస్తూ ఒక్కసారి కూడా నన్ను అడగలేదు. డచ్చివాళ్ల దాకా వెళ్లి మూలం వెతికాను కానీ, నీ నోటికి అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడలేదు. చిన్నప్పుడు మా వంటింట్లో కూర్చుని చదువుకున్నావు. ఆయన కంచంలో చెయ్యి కడిగినప్పుడల్లా నేను గొణిగింది విన్నావు. పెళ్లయిన వెంటనే నన్ను కాలేజీకి పంపింది ఆయనే. ఆ చదువుతోనే ఆయన్ని తిట్టాను.

ఆదివారం రా. క్షమాపణ ముందు నేను చెప్పుకోవాలి. నీది ఒక్క శనివారం తప్పు. నా వంతు అయ్యేసరికి ఆలస్యమవుతుంది, అప్పటిదాకా హాల్లో కూర్చో.

నీ నానమ్మ,
స్వరాజ్యం