తవుడిచ్చి కొన్న పేరు

నవంబరు 3
బాబుకి మూడో నెల. పదహారున బారసాల. నేను విహాన్ అన్నాను. అత్తయ్య విననట్టే చిక్కుళ్లు వలుస్తూ, మొదటి మనవడికి తాత పేరే పెట్టాలంది. సరే, ఆ పేరేదో ఒకసారి నోటితో చెప్పమన్నాను... చెప్పదు. మొగుడి పేరట! మావయ్యగారు పోయి ఏడాది దాటినా చెప్పదు.
డైరీలో రాస్తే ఎవరికి తెలుస్తుంది — తవిటయ్య.

నవంబరు 5
తేల్చమని ఈయన్ని అడిగాను. అమ్మ చెప్పిందీ నిజమే, నువ్వు చెప్పిందీ నిజమే అని పెరుగన్నం తిని పడుకున్నారు.

నవంబరు 6
అత్తయ్య మాటల్లోనే దారి దొరికింది! మావయ్యగారికి ముందు పుట్టిన ముగ్గురూ ఏడాది తిరక్కుండా పోయారట. నాలుగోవాడైనా దక్కాలని, మావయ్యగారిని పుట్టగానే చేటలో పడుకోబెట్టి సొంత పిన్నికే అమ్మేశారట. చేటడు తవుడికి. అందుకే తవిటయ్య. అయితే అసలు పేరు వేరే ఉండాలి కదా... ఏ చంద్రశేఖరో, ఏ మోహనకృష్ణో. అది పెడితే నాకూ బాగుంటుంది, తాత పేరూ నిలుస్తుంది.

నవంబరు 8
అసలు పేరు కోసం ఒకటే వెతుకులాట. అత్తయ్యకి తెలీదు. ఎదురింటి తాతనడిగితే, "తవిటి బావ అనీవోలం, ఇంకేటుంటాది" అన్నాడు. ఈయన ఫోన్లో వంశవృక్షం గీస్తున్నారు. పైకి వెళ్లేకొద్దీ అన్నీ ఖాళీలే. ఈ వంశంలో తాతల పేర్లు గుర్తున్నదంతా కోడళ్లకే, వాళ్లేమో నోరు విప్పరు.

నవంబరు 9
బాబు పేరేంటని ఫ్లెక్సీ షాపు నుంచి ఫోన్. రేపు చెప్తానన్నాను.

నవంబరు 11
బాబునెత్తుకుని కొత్తవలస వెళ్లాం. మావయ్యగారిని కొన్న పిన్ని అక్కడే ఉంది. మేం మామ్మ అంటాం. ఒక్క పన్ను లేదు, గొంతు మాత్రం గూడ్సు బండిని మించి. బాబు ముక్కు పిండి, అచ్చం మా గుంటడే — చిన్నప్పటి మావయ్యగారే — అని మురిసిపోయింది. మెల్లగా అసలు పేరు అడిగాను.
నవ్వు ఆపేసింది.
"పేరెట్టిన పిల్లలు ముగ్గురూ పోనారే. మంచి మంచి పేర్లే ఎట్టినారు. ఈడికింక పేరెట్టడానికి ఎవులికీ దయిర్యం సాల్లేదు. తవుడే ఆడి పేరు. దాంతోనే బతికినాడు."
మోహనకృష్ణ కోసం వచ్చినదాన్ని. సిగ్గేసింది.
అంతలో మామ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని ఇంకో బాంబు పేల్చింది. అప్పుడు కొనడమే గానీ, తిరిగిచ్చే తంతు ఎవరూ జరిపించలేదట. కాబట్టి మావయ్య ఇప్పటికీ ఆవిడ కొడుకే, బాబు ఆవిడ మునిమనవడే, పేరు పెట్టే హక్కు ఆవిడదే! ఏం పేరంటే — వచ్చి చెప్తుందట.
దారిలో ఈయన, మామ్మ చెప్పిందీ నిజమే అన్నారు.

నవంబరు 13
అత్తయ్యకి మొత్తం చెప్పాను. పోయిన పిల్లలకి పేర్లుండేవని ఆమెకీ తెలీదట. కత్తిపీట పక్కకి జరిపింది. అప్పుడంది —
"నాకూ ఆ పేరంటే నామోసీగానే ఉండీదే. తవుడేటని మా యప్పసెల్లెల్లు నవ్వీవోరు."
మరి బాబుకి అదే పెడితే మీరెలా పిలుస్తారంటే, మీరంతా పిలుద్దురు గాని, నేను గుంటడా అంటానంది.

నవంబరు 14
ఫ్లెక్సీ షాపు. రేపు...

నవంబరు 15
పొద్దున్నే మామ్మ దిగింది. చంకలో చేట, సంచిలో తవుడు. బాబుని అమ్ముతారో కొంటారో నాకెవరూ చెప్పడం లేదు. గుమ్మంలో నిలబడి ఈయన అందరిదీ నిజమే అంటున్నారు. ఒళ్లు మండిపోతోంది.
సాయంత్రం బాబు ఒకటే ఏడుపు. అత్తయ్య ఒక్కతే ఉయ్యాల ఊపుతోంది. గుంటడా, నా తండ్రీ... ఊహూ, ఆగడు. పాలసీసా పట్టుకుని కర్టెన్ దగ్గర ఆగిపోయాను. లోపలినుంచి చాలా చిన్నగా —
"తవిటయ్యా..."
వెంటనే టపటపా చెంపలు వేసుకుంది. బాబు ఏడుపు మాని ఆమెనే చూస్తున్నాడు. మళ్లీ పిలిచింది. ఈసారి చెంపలు వేసుకోలేదు.
నాకు ఏడుపొచ్చేసింది.
ఫోన్ మోగుతోంది — ఫ్లెక్సీ షాపు. విహాన్ అనే చెప్పాలి... ఎత్తితే నా నోట ఏ పేరొస్తుందో.