ఉత్త నీళ్ళతో

న్యూయార్క్, 1938 మార్చి

గిటెల్ అమ్మగారికి,

మన యూదుల ఆడవాళ్ళకు ఆఖరి స్నానం చేయించేది మీరేనని విని రాస్తున్నాను. పోలెండు నుంచి వచ్చి ఇక్కడ క్రీముల కంపెనీ పెట్టిన రైజల్ మా పెద్దమ్మ. నిన్న సాయంత్రం పోయింది.

"నలభై ఏళ్ళు ఊరందరికీ పూశాను, చాలు. నన్ను మాత్రం ఉత్త నీళ్ళతో పంపించవే పిల్లా" అని నాచేత మాట తీసుకుంది.

ఈ ఉదయం కంపెనీవాళ్ళు రంగుల పెట్టెలతో వచ్చారు. "పేపరువాళ్ళు ఫోటో తీస్తారమ్మాయ్. ఈ ముఖమా చూపించేది?" అన్నారు. నిజానికి నాకూ సిగ్గేసింది. పక్కకు తప్పుకున్నాను. పౌడరూ రంగూ దట్టంగా పూసేశారు.

దయచేసి మధ్యాహ్నంలోపు రండి. ఆమె బుగ్గల నిండా మశూచి మచ్చలుంటాయి. అవి కనిపించేదాకా కడగండి.

ఇట్లు,
ఆమె చెల్లెలి కూతురు