చెవుల్లో దూది

నాన్నగారికి నమస్కారాలు, ఇక్కడ నేను కులాసా.

రాక్ బ్యాండుతో కలిసి మా ఆర్కెస్ట్రా చేసిన కచేరీ నిన్న రేడియోలో వినే ఉంటారు. చివర్లో అందరూ ఆగిపోయాక ఒంటి వయొలిన్ వినిపించిందే, అది నాదే. దయచేసి మెచ్చుకుంటూ జాబు రాయకండి. అక్కడ నేనూ ఆగాలి. వెనక డ్రమ్ముల మోత భరించలేక చెవుల్లో దూది కుక్కుకుని, పైగా కళ్లు మూసుకుని వాయించుకుంటూ పోయాను. "నొటేషన్ చదవడం రానివాళ్లతో మనకేం పొత్తు?" అని నేను రోజూ ఈసడించిన ఆ డ్రమ్ములతనే నా తప్పు పసిగట్టి, మెల్లగా దరువు అందుకున్నాడు. కాళ్ల కింద అదురు తెలిసి కళ్లు తెరిస్తే, మావాళ్లందరి వయొలిన్లూ ఒళ్లోనే ఉన్నాయి. జనం అదీ పాటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. లోపలికి వెళ్లాక అతను, "ఆ దూది రేపు నాకూ కాస్త పెట్టు అన్నా!" అని నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? మీ కొత్త కళ్లజోడు కుదిరిందా?

ఇంకో మాట. ఇంట్లో ఈ గోలేమిటని చెల్లి గిటారు బీరువాలో పెట్టి తాళం వేశాను కదా. తాళంచెవి ఎక్కడో పోయిందని మీకు అబద్ధం చెప్పాను. అది ఇక్కడ నా దగ్గరే, వయొలిన్ పెట్టెలో ఉంది. నేను వచ్చేదాకా ఆగకుండా, తాళం పగలగొట్టించి గిటారు దానికి ఇచ్చేయండి.

అమ్మకు నమస్కారాలు. చెల్లికి ఆశీస్సులని రాయడానికి మొహం చెల్లడం లేదు.

మీ పెద్దవాడు