రత్నాంబగారి అక్క

ఆగస్టు 6
ఏలూరు సెమినార్‌కి పేపర్ టైటిల్ ఖాయమైంది: "కొల్లేటి నవలలో ప్రేతం - అపరాధ భావన." గైడ్‌గారు ఓకే అన్నారు. నవల కథ చిన్నదే. మొదటి భార్య కొల్లేట్లో మునిగి చనిపోతుంది. రెండో భార్యకు రోజూ తెల్లారేసరికి పెరటి గడపలో తడి అడుగులు కనిపిస్తాయి. ఆఖరికి వాటి ముందు కొత్త చీర, పసుపు కుంకుమ పెట్టి దణ్ణం పెడుతుంది. ఆమెకు మతి చలించిందని విమర్శకులంతా రాశారు. నేనూ అదే రాస్తున్నాను.

ఆగస్టు 9
మా అత్తయ్య రత్నాంబగారికి కంటి ఆపరేషన్ అయింది. టీవీ కూడా చూడకూడదు. తోచక విసుక్కుంటుంటే ఆ నవలే చదివి వినిపించడం మొదలుపెట్టాను.

ఆగస్టు 11
దెయ్యం కథ కదా, భయమేస్తే ఆపేస్తానన్నాను. ఇందులో దెయ్యమెక్కడుంది అన్నారు అత్తయ్యగారు.

ఆగస్టు 14
నవల అయిపోయింది. చీర పెట్టే చోటుకు రాగానే అత్తయ్యగారు చేతులు జోడించారు. కంట్లో నీళ్ళు పడనివ్వద్దన్నాడు డాక్టర్. చెంపల మీదికి కారిపోతున్నాయి. పాపం, పిచ్చిదైపోయింది కదండీ అన్నాను.

"పిచ్చేవిటమ్మా? ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది. ఆవిడ దెయ్యం కాదు, అక్క. తన ఇంట్లో తననే పలకరించకపోతే గుమ్మంలో నిలబడక ఏం చేస్తుంది?"

అప్పుడు మెడలో బంగారు బిళ్ళ చూపించారు. గోరంత ఉంటుంది. నా పెళ్ళై పదకొండేళ్ళు, దాని మీది బొమ్మ లక్ష్మీదేవి అనుకుంటున్నాను. మామయ్యగారి మొదటి భార్యట! రెండో భార్యగా వచ్చినప్పుడు ఆవిడ గుర్తుగా మెడలో కట్టారట. పుట్టింటికి వెళ్తుంటే కొల్లేట్లో పడవ తిరగబడిందట. ఏ చీర కొన్నా ముందు ఆవిడ పేరు చెప్పి పెట్టాకే తను కట్టుకుంటారట.

"ఏభై ఏళ్ళమ్మా. ఆవిడ కట్టి విడిచిన చీరలే నేను కట్టేది."

మా ఆయన విజయ్‌ని అడిగాను. తెలుసట. నువ్వెప్పుడూ అడగలేదుగా అన్నాడు.

ఆగస్టు 15, ఉదయం 6
మళ్ళీ మొదటి నుంచీ చదివాను. మొదటి అధ్యాయంలోనే ఉంది. రెండో భార్య బరువుగా ఉందని మెడలోని అలాంటి బిళ్ళనే తీసి పెట్టెలో పడేస్తుంది. ఒక్క వాక్యం. ఆరుసార్లు చదివిన నవల, ఆరుసార్లూ దాటేశాను. తడి అడుగులు మొదలయ్యేది ఆ మర్నాడే!
పేపర్ చింపేశాను.

సెప్టెంబర్ 21
ఏలూరు. గైడ్‌గారు వద్దంటున్నా కొత్త పేపరే చదివాను. మీరు దెయ్యాలను నమ్ముతారా మేడమ్ అని ఒక ప్రొఫెసర్ అడిగారు. హాలంతా నవ్వింది. నా సంగతి వదిలేయండి, ఆ ఇంటివాళ్ళు దేన్ని నమ్ముతారో తెలుసుకోకుండానే ఆవిడకు పిచ్చి అనేశాం అన్నాను. నా పేపర్ సెమినార్ వ్యాసాల సంపుటిలో వేయడం కుదరదన్నారు.
రైలు భీమడోలు దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను. ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. అత్తయ్యగారు నా రెండు చేతులూ పట్టుకుని, "అంతమందిలో మా అక్క తరఫున మాట్లాడావా?" అన్నారు.

నవంబర్ 17
అత్తయ్యగారూ నేనూ కొల్లేరు వెళ్ళాం. పడవ కదలగానే ఆవిడ నీళ్ళవైపు వంగి "అక్కా" అని పిలిచారు.
నేను బల్ల మీద ఇంకో మనిషికి చోటుంచి, పక్కకు జరిగి కూర్చున్నాను.