కడిగిన గొట్టం

మామయ్యా,

నాన్న చేతి ఆనవాలు కడిగేసిన రాతిగుండె దాన్నని చిలేషే అత్తతో అన్నావట. ఫోన్లో నా మాట పూర్తి కానివ్వవు, అందుకే రాస్తున్నాను.

నాన్న ఫుట్‌బాల్ మైదానంలో పరీక్షకని మట్టి తీసే ఇనపగొట్టాన్ని నేను కడిగిన మాట నిజమే. దానికి పాత మట్టి అంటుకుని ఉంటే మట్టి పరీక్ష తప్పుతుంది. సబ్బు రాస్తుంటే అమ్మ వచ్చి, "ఆయన ఆఖరిసారి తీసిన మట్టే అది. ఉంటే నీకేం అడ్డమే?" అంది. నేను ఆపలేదు. ఏడుస్తూనే కడిగాను. ఆ సంగతి నీకెవరూ చెప్పి ఉండరు.

గని వైపు గోల్ ముందు గడ్డి మాడిపోతే, మైదానం చూసుకునే నాన్నే తప్పు మందు చల్లాడని మన కాలనీ ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్లు పని మాన్పించారు. "నేను చల్లలేదమ్మా" అంటూనే పోయాడు. అందుకే ఆ గొట్టంతోనే మాడిన చోటి మట్టీ, పచ్చగా ఉన్న చోటి మట్టీ విడివిడిగా తీసి, గడ్డి దులిపి, వరండాలో నీడన ఆరబెట్టాను. అత్త అది చూసి, "సమాధి మట్టి ఇంటికి తెచ్చావా? చేతబడి మొదలెట్టావా?" అని గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది.

"తప్పు ఆయనదేనని తేలితే ఏం చేస్తావ్, చదువుల తల్లీ?" అన్నావు. నాకూ ఆ భయం ఉంది. తేలినా నాన్న నాన్నే. పరీక్షే చేయించకపోతే మాత్రం ఊరన్నదే నిజమైపోతుంది.

మట్టిలో ఆ మందు ఉందో లేదో తేల్చే ల్యాబుకని, మట్టి సంచులు రెండూ పొద్దున లుసాకా బస్సులో వేశాను. ఏ జవాబొచ్చినా క్లబ్బు గోడకి నేనే అంటిస్తాను.

నీ మేనకోడలు