సెడుగుడు అని రాసిన పిల్ల

అమ్మా పైడమ్మా, తప్పులుంటే సర్దుకుని చదువు. ఈ నాలుగు ముక్కలు కూడబలుక్కుని రాసేసరికి భీమిలి బస్సు వేళయిపోయింది. చెల్లెలికి బాగోలేదట, రేపొస్తాను. చేపల పులుసు వేడి చేసుకో.

సాయంత్రం కాలేజీకి ఇవ్వాల్సిన, నువ్వు దిద్దిన పరీక్ష పేపర్ల కట్టలో ఒకటి ఉండదు. బియ్యం డబ్బాలో పెట్టాను. ఆడపిల్లలు ఆటలెందుకు మానేస్తారన్న ప్రశ్నకి ఆ పేపరు రాసిన పిల్ల తన బతుకే రాసింది. ఈసారి తప్పితే పెళ్లి చేసేస్తారట, ఇంక గ్రౌండుకి పోనివ్వరట. నువ్వేమో చెడుగుడుని సెడుగుడు అన్న చోటల్లా ఎర్రగీత పెట్టి, మూడు మార్కుల తేడాలో తప్పించావు. "రాయడం రానిదానికి మార్కులేటి అత్తా" అన్నావు.

పెద్దమనిషయ్యాక నన్నూ ఆడనివ్వలేదు. మీ మామ పోయాక నువ్వే నాకు అక్షరాలు దిద్దించావు. చెంబుని సెంబని రాస్తే నవ్వావు గానీ గీత పెట్టలేదు. నీ కాళ్లు పట్టుకుంటానమ్మా, కట్ట కట్టేముందు ఆ పేపరు ఇంకొక్కసారి చదువు.

డబ్బా మూత గట్టిగా పెట్టు, పురుగు పడుతుంది.

సన్యాసమ్మ, యాభై ఎనిమిదేళ్లు. ఉండేది నీ ఇంట్లోనే, ఇది చదివాక కూడా నువ్వు ఉండనిస్తే.