మొద్దుబారిన పాదమునకు పదకొండు టిక్కులు

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు, పదిహేనేళ్ళుగా షుగరుతో వేగుచున్న ఒక దర్జీ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: స్పర్శ లేని నా కుడిపాదము తమ కార్డులో మాత్రము భేషుగ్గా ఉన్నందున, మరల పరీక్షించుట గురించి.

1. గత నెల తమ నరాల విభాగములో నా కుడి అరికాలికి నైలాను పోగు ఆనించి, స్పర్శ ఉన్నదో లేదో పరీక్షించిరి. రోగి కళ్ళు మూయించి, అడగకుండ ఆనించవలెనని గోడమీద పటమున్నది. పరీక్షకులవారు ఆ పటమునకు వీపు పెట్టి కూర్చొనిరి. నా కళ్ళు తెరిచియే ఉన్నవి. ఆనించిన ప్రతిసారి "తెలిసిందా పెద్దాయనా?" అని వారే అడిగిరి. అంత మర్యాదగా అడిగిన మనిషితో లేదనుట ఎట్లు? "తెలిసింది బాబూ" అంటిని.

2. నడుమ వారికి ఫోను వచ్చినది. పోగు బల్లమీద పెట్టి, ఫోను చెవినుండి తీయకనే "తెలిసిందా?" అనిరి. అలవాటుకొద్దీ "తెలిసింది" అంటిని. అదియు వ్రాసుకొనిరి. ఆనించినది పది చోట్ల, కార్డులో టిక్కులు పదకొండు. ఇంతటి ప్రతిభ వేరొకచోట నేను చూడలేదు.

3. సదరు పోగు వంకర తిరిగి చీపురుపుల్లవలె ఉన్నది. అట్టి దారముతో నేను గుండీ కూడ కుట్టను.

4. మరుసటి వారము విరిగిన మిషను సూది నా కుడి అరికాలిలో దిగినది. పొద్దుటినుండి దానితోనే మిషను తొక్కితిని. నేలమీద రక్తము చూచి నా భార్య కేకవేసినది. తమ డాక్టరుగారు పుండు చూడకమునుపే కార్డు చూచిరి.

"నరాలు బాగానే ఉన్నాయి. మీరే చూసుకుని నడవాలి."

"కాలికి కళ్ళుంటే మీ దగ్గరికెందుకొస్తామండీ?" అన్నది నా భార్య. ఆమె తరఫున నేను క్షమాపణ చెప్పుకొనుట లేదు.

5. పుండు మానలేదు. ఇట్లే ఉంటే పాదము తీసేయవలసి రావచ్చునని కట్టుకట్టే నర్సమ్మ చెప్పినది. నాకు భయంగా ఉంది. దీన్ని ఆఫీసు భాషలో ఎట్లా రాయాలో నాకు తెలియదు.

కావున కొత్త పోగుతో, నా కళ్ళు మూయించి, తమవారు నోరు మూసుకొని మరల పరీక్షించి, కార్డు దిద్ది, తగిన వైద్యము చేయించవలెనని ప్రార్థన. కార్డును పక్కనపెట్టి కాలును చిత్తగించవలెను.

తమ విధేయుడు (పాదమున్నంతవరకు),
దర్జీ

తా.క.: నిన్న మనవరాలు నా ఎడమపాదం మీద ఎక్కి నిలబడి, "తాతా, బరువుగా ఉన్నానా?" అంది. "లేదమ్మా, దూదిలా ఉన్నావు" అన్నాను. పిల్ల మురిసిపోయింది. దానికి నిజం చెప్పలేదు, మీకు చెబుతున్నాను. నాకేమీ తెలియలేదు. అయ్యా, ఎడమకాలు కూడా చూడండి.